తిన్నని బద్దలు వంపుల ఓడ మీద ఎందుకు కూర్చోవు

సగంలో ఆగిపోయిన కొయ్య ఓడ నమూనాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. పైన నాలుగైదు వరుసల బద్దలు ముచ్చటగా అతికి ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ, అందులోనూ ముక్కు దగ్గర, ఒక్కొక్క బద్ద అంచు పైకి లేచి చేపపొలుసుల్లా మెట్లు మెట్లుగా నిలబడుతుంది. సందుల్లో పుట్టీ కూరి ఉంటుంది. ఇంకో రెండు వరుసల తర్వాత చివరి బద్ద చీలిపోయి ఉంటుంది. పని అక్కడితో ఆగుతుంది.

చేతిలో నైపుణ్యం లేకపోవడం వల్ల ఇలా అయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి తప్పు జరిగింది అతికించేటప్పుడు కాదు, అంతకుముందు కొలవకపోవడంలో. పలకలు తొడగడం ఒక లెక్క. ఆ లెక్క అర్థమైతే మిగిలినది ఓపిక మాత్రమే.

ఒక స్టీలు స్కేలును చేతిలోకి తీసుకోండి. వెడల్పు ముఖం మీదుగా వంచితే సులువుగా వంగుతుంది. రెండు కొసలు పట్టుకుని మెలితిప్పితే తిరుగుతుంది. అంచు మీదుగా, అంటే అది బల్ల మీద పడుకుని ఉండగానే పక్కకి వంచాలని చూస్తే మాత్రం కదలదు. కొయ్య బద్ద గుణం కూడా అదే. మొదటి రెండు వంపులకు ఒప్పుకుంటుంది, మూడోదానికి మొండికేస్తుంది. దర్జీ టేపును కుండ భుజం చుట్టూ చుట్టి చూసినా ఈ సంగతి తెలుస్తుంది: ఒక అంచు కుండకు అతుక్కుంటే రెండో అంచు వదులుగా లేస్తుంది. ఓడ ముక్కు ఆ కుండ భుజం లాంటిదే. అక్కడ తిన్నని బద్దను బలవంతంగా నొక్కి అతికిస్తే అది తనకు తేలికైన దారి వెతుక్కుంటుంది. ఆ దారి పైకి, పక్క బద్ద మీదికి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఓడ చుట్టుకొలత అంతటా ఒకేలా ఉండదు. బత్తాయి తొనలు మధ్యలో లావుగా, కొసల్లో సన్నగా ఉండబట్టే కాయ గుండ్రంగా ముడుచుకుంది. ఓడ పలకలు కూడా నడుము దగ్గర వెడల్పుగా, ముక్కు దగ్గర సన్నగా ఉండాలి. అయితే ఓడ బత్తాయి కన్నా మొండిది. వెనుక చుక్కాని వైపు చుట్టుకొలత తగ్గకపోగా చాలా ఓడల్లో పెరుగుతుంది. అంటే ఒకే పలక ముందు సన్నబడి, వెనుక వెడల్పవ్వాలి. నమూనా సామగ్రి పెట్టెలో వచ్చే బద్దలన్నీ ఒకే వెడల్పుతో ఉంటాయి కాబట్టి, వాటిని ఉన్నవున్నట్టు అతికించడం మొదలుపెట్టిన క్షణమే తప్పు మొదలవుతుంది.

ఒక అసలు ఓడతో లెక్క

గాలిలో మాట్లాడకుండా ఒక ఓడను తీసుకుందాం. హెచ్‌ఎంఎస్ ట్రింకోమలీ బ్రిటిష్ నౌకాదళం కోసం బొంబాయి డాక్‌యార్డులో జంషెట్జీ బొమాన్‌జీ వాడియా కట్టిన ఫ్రిగేటు (వేగంగా పోయే మధ్యరకం యుద్ధనౌక). 1817 అక్టోబరు 12న నీటిలోకి దిగింది. మలబారు టేకుతో కట్టిన ఈ ఓడ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నేటికీ తేలుతోంది. దీని నక్షాల మొదటి ప్రతి బొంబాయికి చేరనే లేదు. వాటిని తెస్తున్న హెచ్‌ఎంఎస్ జావా 1812 డిసెంబరులో అమెరికా ఫ్రిగేటు కాన్‌స్టిట్యూషన్ చేతిలో ఓడిపోయింది. మరో ప్రతి పంపాల్సి వచ్చింది.

ఆ కాలపు బ్రిటిష్ నక్షాల గురించి నమూనాకారులు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అందులో గీసిన ఓడ ఆకారం పలకల బయటి ముఖం కాదు, లోపలి పక్కటెముకల బయటి ముఖం. పలకల మందం దాని పైన అదనం. ఇది మరిచిపోతే మొదటి కోత నుంచే కొలతలు తప్పుతాయి.

ట్రింకోమలీ ఫిరంగుల డెక్కు పొడవు సుమారు 150 అడుగులు, వెడల్పు సుమారు 40 అడుగులు. 1:64 స్కేలులో, అంటే అసలులో 64వ వంతుగా చేస్తే, డెక్కు 714 మిల్లీమీటర్లు, వెడల్పు 190 మిల్లీమీటర్లు అవుతాయి. అసలు ఓడల్లో 10 అంగుళాల వెడల్పున్న పలక ఈ స్కేలులో 4 మి.మీ. 3 నుంచి 4 అంగుళాల మందం 1.2 నుంచి 1.6 మి.మీ. 24 అడుగుల పొడవున్న పలక 114 మి.మీ. ఈ మూడు అంకెలను ఒక కాగితం మీద రాసి పని బల్ల ముందు అతికించుకోవడం మేలు. నమూనా నిజమైన ఓడలా కనిపిస్తుందా, అగ్గిపుల్లలు పేర్చినట్టు కనిపిస్తుందా అన్నది వీటి మీదే ఆధారపడుతుంది.

అస్థిపంజరం సరిగా లేకపోతే

ఇంట్లో చేసే నమూనాల్లో ఎక్కువగా వాడే పద్ధతి ఇది: నిలువుగా ఒక ప్లైవుడ్ వెన్ను, దానికి అడ్డంగా గాడుల్లో దిగే, ఓడ అడ్డుకోత ఆకారంలో కోసిన బల్క్‌హెడ్‌లు, వాటి మీద రెండు పొరల బద్దలు. మొదటి పొర 5 మి.మీ. వెడల్పు, 1.5 మి.మీ. మందం ఉన్న మెత్తని చెక్క. రెండో పొర 4 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఉన్న మంచి చెక్క. రెండూ కలిపి 2.5 మి.మీ. అసలు పలక మందం ఈ స్కేలులో గరిష్ఠంగా 1.6 కాబట్టి, బల్క్‌హెడ్‌ను నక్షా గీతకు సుమారు 1 మి.మీ. లోపలికి కోయాలి.

వెన్నుకు 5 మి.మీ. ప్లైవుడ్ సరిపోతుంది, కానీ అది తిన్నగా ఉండాలి. గాజు పలక మీద పడుకోబెట్టి కింద వెలుతురు కనిపిస్తోందేమో చూడాలి. రెండు మి.మీ. వంకర ఉన్నా తర్వాత ఏ పలకా దాన్ని సరిచేయలేదు. బల్క్‌హెడ్‌ల మధ్య దూరం 45, 50 మి.మీ. దాటకపోతే మంచిది. దూరం ఎక్కువైతే బద్ద రెంటి మధ్యా తిన్నగా సాగి, ఓడ పొట్ట పలకబారినట్టు కనిపిస్తుంది. ముక్కు దగ్గర మొదటి రెండు మూడు ఖాళీల్లో చెక్క దిమ్మలు నింపి ఆకారానికి అరగదీస్తే బద్దకు ఆనుకోవడానికి పూర్తి ఉపరితలం దొరుకుతుంది. ఈ దిమ్మలకు కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చెక్క చక్కగా సరిపోతుంది. తేలిగ్గా ఉంటుంది, చాకుతో కోసినా తెగుతుంది.

తర్వాత వచ్చేది అందరూ తొందరపడే పని: బల్క్‌హెడ్ అంచులకు ఏటవాలు తీయడం. ముక్కు వైపు సగంలో ప్రతి బల్క్‌హెడ్ ముందు అంచును మాత్రమే అరగదీయాలి, వెనుక అంచు అలాగే ఉండాలి. చుక్కాని వైపు సగంలో దీనికి తారుమారు. అంచులకు ముందే పెన్సిలుతో నల్లగా రుద్దితే ఎంత అరిగిందో కనిపిస్తుంది. ఉప్పుకాగితం అతికించిన చెక్క కనీసం మూడు బల్క్‌హెడ్‌లను ఒకేసారి తాకేంత పొడవుండాలి. పొట్టి చెక్కతో రుద్దితే ప్రతి బల్క్‌హెడ్ దగ్గరా చిన్న గొయ్యి పడుతుంది. 80 నంబరుతో మొదలుపెట్టి 120తో ముగించవచ్చు.

పరీక్ష సులభం. ఒక బద్దను ఐదారు బల్క్‌హెడ్‌ల మీదుగా వేలితో నొక్కి పట్టండి. అన్నిచోట్లా, ప్రతి బల్క్‌హెడ్ మందమంతటా ఆనుకోవాలి. ఎక్కడైనా సందు కనిపిస్తే అక్కడ పలచని చెక్క ముక్క అతికించి మళ్లీ అరగదీయాలి. ఎక్కడైనా బద్ద గూనిలా లేస్తే ఆ బల్క్‌హెడ్ ఎత్తు తగ్గించాలి. ఓడ పైనుంచి కీలు (ఓడ అడుగున పొడవునా సాగే కొయ్య) వరకూ ఏడెనిమిది ఎత్తుల్లో ఇలా చూడాలి. మొత్తం నమూనాలో అత్యంత విలువైన సాయంత్రాలు ఇవే.

వెనుక భాగంలో ఒక చిన్న కూడిక ఉంది. చుక్కాని బిగించే నిలువు కొయ్య మందం 5 మి.మీ. అనుకుందాం. దాని పక్కన పలకలన్నీ ఆ కొయ్యతో సమంగా ముగియాలి. వెన్ను 5 మి.మీ., రెండు పక్కలా 2.5 చొప్పున పలకలు కలిస్తే 10 మి.మీ. అవుతుంది. కొయ్యకు రెట్టింపు! అందుకే అక్కడ వెన్నును 2 మి.మీ.కి, మొదటి పొరను ఒక్కో పక్క అర మి.మీ.కి పలచన చేయాలి. 2, దానికి 1, రెండో పొర 2, మొత్తం 5. పెట్టెతో వచ్చే సూచనల్లో ఈ సంగతి చాలాసార్లు ఒక్క వాక్యంలో తేలిపోతుంది. దాన్ని పట్టించుకోని నమూనాల్లో వెనుక భాగం మొద్దుగా ఉబ్బి ఉంటుంది, చుక్కాని దానికి అతికించిన కాగితంలా కనిపిస్తుంది.

పలకల పంపకం

ఇక అసలు లెక్క. ఓడ పక్కన మందపాటి పలకల పట్టీ ఒకటి ముందు నుంచి వెనక్కి సాగుతుంది. దాన్ని వేల్ అంటారు. వేల్ కింది అంచు నుంచి కీలు గాడి వరకు ప్రతి బల్క్‌హెడ్ మీద సన్నని కాగితం పట్టీ పరిచి కొలవండి. ఇక్కడ ఇస్తున్నవి ఉదాహరణ అంకెలే. మీ బల్క్‌హెడ్‌ల మీద వచ్చిన కొలతలనే వాడాలి.

నడుము దగ్గర 152 మి.మీ. వచ్చిందనుకుందాం. రెండో పొర 4 మి.మీ. పలకలతో భాగిస్తే 38 వరుసలు. ముక్కు దగ్గరి బల్క్‌హెడ్ మీద 95 మి.మీ. వస్తే, 38తో భాగించగా ఒక్కో పలక 2.5 మి.మీ. పలకను దాని సగం వెడల్పు కన్నా సన్నం చేయకూడదన్నది నమూనాకారులు పాటించే నియమం. 2.5 ఇంకా నియమంలోనే ఉంది. అదే ముక్కు కొసన నిలిచే ముందు కొయ్య గాడి దగ్గర 72 మి.మీ. మాత్రమే ఉంటే ఒక్కో పలకకు 1.9 వస్తుంది. ఇది నియమం దాటింది. కాబట్టి కొన్నిచోట్ల పక్కపక్కనున్న రెండు పలకలు ముందు కొయ్యకు చేరేలోపే ఒకటిగా కలిసిపోవాలి. 72ను 2.4తో భాగిస్తే 30. అంటే 38 వరుసల్లో 8 మధ్యలోనే ఆగాలి. ఆగే పలక కొసను సూదిలా చెక్కకూడదు. మొద్దుగా, సుమారు సగం వెడల్పుతో ముగించి, పక్క పలకలో దానికి తగ్గ మెట్టు కోయాలి. అసలు ఓడల వడ్రంగులు కూడా ఇలాగే చేసేవారు. సూది కొసలో మేకు దిగదు, సందులో నార కూరితే నిలవదు.

వెనుక కొయ్య దగ్గర 171 మి.మీ. వస్తే ఒక్కో పలకకు 4.5 మి.మీ. కావాలి. బద్దలు వెడల్పాటి చెక్క రేకు నుంచి కోసుకునేవాళ్లు వెనుక కొసను 4.5కి కోసుకుంటే సరిపోతుంది. తయారు బద్దలు వాడేవాళ్లకు వెడల్పు పెంచే దారి లేదు. 19 మి.మీ. లోటును నాలుగైదు అదనపు ముక్కలతో నింపాలి. ఆ ముక్కలు రెండు పలకల మధ్యలోంచి మొదలై వెనక్కి వెడల్పవుతూ పోతాయి. అన్నీ ఒకేచోట గుంపుగా కాకుండా దూరదూరంగా వేస్తే కన్ను వాటిని పట్టుకోదు.

38 వరుసలను ఒకేసారి గుర్తు పెట్టుకుని అతికించడం మొదలుపెడితే ఏమవుతుంది? ఒక్కో పలకలో 0.1 మి.మీ. తేడా వచ్చినా 38 వరుసలకు 3.8 మి.మీ. అది దాదాపు ఒక పూర్తి పలక. ఎడమ పక్క 38, కుడి పక్క 37 వచ్చిన నమూనాలు ఇలాగే పుడతాయి. దీనికి మందు, ఓడ పక్కను నాలుగు పట్టాలుగా విభజించడం: 10, 10, 9, 9. పట్టాల సరిహద్దుల్లో నల్లదారం గానీ సన్నని టేపు గానీ అతికించి, దూరంగా నిలబడి ముందు నుంచి, వెనుక నుంచి, కింద నుంచి చూడాలి. గీత ఎక్కడా ఉలికిపడకుండా సాగాలి. లెక్క చెప్పిన చోటు, కన్ను చెప్పిన చోటు కొద్దిగా వేరైతే కన్ను మాటే వినండి. తర్వాత ఒక్కో పలక అతికాక మిగిలిన దూరాన్ని మిగిలిన పలకల సంఖ్యతో మళ్లీ భాగించాలి. తప్పు ఆ పట్టాలోనే సర్దుకుంటుంది, పక్క పట్టాకు పాకదు.

వరుస క్రమం కూడా ముఖ్యమే. ముందు వేల్, దాని కింద రెండు మూడు పలకలు. తర్వాత కీలును ఆనుకునే అడుగు పలక. ఆ పైన రెండు వైపుల నుంచీ వస్తూ, పొట్ట మలుపు దగ్గర చివరి పలకతో మూయాలి. ఎడమ పక్క ఒకటి వేస్తే కుడి పక్క ఒకటి వేయాలి. ఒక పక్కనే పది వరుసలు వేసేస్తే జిగురు ఎండేటప్పుడు వెన్ను ఆ వైపుకు వంగిపోతుంది.

అడుగు పలక దగ్గర జరిగే పొరపాటు అన్నిటికన్నా ఖరీదైనది. బద్దను కీలు వెంబడి పెట్టి వదిలేస్తే అది ముందు కొయ్య వంపు వెంట పైకి ఎక్కాలని చూస్తుంది. ఎక్కనిస్తే ఆ పైన వచ్చే ప్రతి పలకకూ ముక్కు దగ్గర చోటు తగ్గిపోతుంది. చివరికి పలకలన్నీ కొక్కేల్లా పైకి వంగుతాయి. అడుగు పలక ముందు కొయ్య పైకి వంగడం మొదలుపెట్టే చోటనే ఆగాలి. అక్కడ దాని కొసను వెడల్పు తగ్గించకుండా ఉంచితే పై పలకలకు చోటు మిగులుతుంది.

మొండి వంపుకు రెండు మందులు

వెడల్పు సరిగ్గా తగ్గించినా ముక్కు దగ్గర బద్దకు అంచు మీదుగా కొంత వంపు కావాలి. దాన్ని తేవడానికి రెండు దారులున్నాయి.

మొదటిది వేడి. 4 మి.మీ. బద్దను వేడినీళ్లలో పది పదిహేను నిమిషాలు నానబెట్టి, బల్ల మీద పడుకోబెట్టి ఒక కొసను క్లాంపుతో బిగించాలి. రెండో కొసను పక్కకి లాగి బిగించి, మధ్యలో లేవకుండా చెక్కముక్కతో అదిమి పట్టి, హెయిర్ డ్రయ్యరుతో పూర్తిగా ఆరేదాకా వేడి చేయాలి. వదిలాక కొంత వెనక్కి వస్తుంది కాబట్టి కావలసినదానికన్నా కాస్త ఎక్కువే వంచాలి. 1 మి.మీ. మందం, సన్నని పోగు (చెక్కలోని నారల వరుస) ఉన్న చెక్క దీనికి బాగా లొంగుతుంది. వాల్‌నట్ తరచూ చీలుతుంది. పోగు అంచు వైపు జారిపోయే బద్దలను ముందే ఏరి పక్కన పెట్టాలి. బద్ద అతికే ముందు చేతితో నొక్కకుండానే దాదాపు తన చోట కూర్చోవాలి. క్లాంపు పని బద్దను పట్టుకోవడం వరకే. వంచే పని దానికి అప్పగిస్తే, ఆ బద్ద తర్వాత ఏ వేసవిలోనో జిగురు వదిలి లేస్తుంది.

రెండో దారి పూర్వపు ఓడ వడ్రంగులది: వంపును చెక్కలోనే కోయడం. ఇంతకుముందు వేసిన పలక అంచు మీద పారదర్శక టేపు పరిచి, ఆ అంచును సన్నని పెన్నుతో గీసి, టేపును తీసి 10, 12 మి.మీ. వెడల్పున్న పలచని చెక్క రేకు మీద అతికించండి. ఆ గీత కొత్త పలక ఒక అంచు అవుతుంది. ప్రతి బల్క్‌హెడ్ దగ్గర కావలసిన వెడల్పును డివైడరుతో గుర్తిస్తే రెండో అంచు వస్తుంది. చాకుతో కొంచెం బయటగా కోసి, అంచును రుద్ది సరిచేయాలి. చెక్క ఎక్కువ ఖర్చవుతుంది, సమయమూ ఎక్కువే. కానీ పలకలో ఒత్తిడి ఉండదు. ముక్కు బాగా గుండ్రంగా ఉన్న ఓడలకు ఈ దారే మేలు.

రెండింటిలోనూ ఒక చిన్న సంగతి మరవకూడదు. వంపు మీద పక్కపక్కన పెట్టిన రెండు పలకల అంచులు లోపల తగిలి బయట వి ఆకారంలో తెరుచుకుంటాయి. లోపలి అంచును కొద్దిగా ఏటవాలుగా గీకితే బయటి సందు మూసుకుంటుంది.

పై పొర, చెక్క, జిగురు

మొదటి పొరలో సందులు పడినా పుట్టీతో పూడ్చి సాపు చేయవచ్చు. రెండో పొరలో పుట్టీకి చోటు లేదు. అది ఆరాక చెక్క రంగు ఎక్కనివ్వదు.

ట్రింకోమలీ టేకు ఓడ కదా, నమూనాకూ టేకే వాడదామన్న ఆలోచన సహజం. వాడకండి. టేకు రంధ్రాలు, పోగు గీతలు 1:64లో పెద్ద పెద్ద గాట్లలా కనిపిస్తాయి. చెక్కలోని నూనె జిగురునూ సరిగా పట్టనివ్వదు. నమూనాకు కావలసింది కంటికి పోగు కనిపించని చెక్క. పాశ్చాత్యులు పియర్, బాక్స్‌వుడ్ వాడతారు. మనకు ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర ఉంది. తెల్లగా, సన్నని పోగుతో, చాకుకు శుభ్రంగా తెగుతుంది. అంకుడు చిన్న చెట్టు, పొడవాటి పలకలు రావు. అయితే పైన లెక్కించినట్టు మనకు కావలసిన పలక పొడవే 114 మి.మీ.! మీటరు బద్దను ముందు నుంచి వెనక్కి ఏకంగా వేసిన నమూనాకు అసలు పోలికే ఉండదు. అసలు ఓడలను 150 అడుగుల ఏకపలకలతో కట్టేవారు కాదు కదా.

పొట్టి పలకలు వేస్తే అతుకులు ఎక్కడ పడాలన్న ప్రశ్న వస్తుంది. ఒకే పక్కటెముక మీద రెండు అతుకులు పడితే వాటి మధ్య కనీసం మూడు పూర్తి పలకలు ఉండాలి. నాలుగు వరుసలకు ఒకసారి అతుకు అదే చోటికి తిరిగి వస్తుందన్నమాట. పక్కపక్క వరుసల్లో అతుకుల మధ్య ఐదారు అడుగుల ఎడం, అంటే ఈ స్కేలులో సుమారు 25 మి.మీ. ఉండేలా చూసుకోవాలి. ఈ నియమం అందం కోసం పుట్టలేదు. అతుకులన్నీ ఒక వరుసలో పడితే ఓడ అక్కడే విరుగుతుంది.

పలకల మధ్య నార, తారు సందును చూపడానికి ఒక అంచుకు మెత్తని పెన్సిలు రుద్దితే చాలు. నల్ల స్కెచ్ పెన్ను చెక్కలోకి పాకుతుంది. నల్లదారం పెడితే అసలు ఓడలో వేలు దూరేంత సందు ఉన్నట్టవుతుంది. కొయ్య మేకులదీ అదే సమస్య. ఒకటిన్నర అంగుళాల మేకు ఇక్కడ 0.6 మి.మీ. మాత్రమే. వెదురు పుల్లను తగ్గుతూపోయే రంధ్రాల ఇనుప పలకలోంచి లాగి అంత సన్నం చేయవచ్చు. ఒక మి.మీ. పుల్లలు గుచ్చడం కన్నా మేకులు లేకుండా వదిలేయడమే మంచిది.

జిగురుకు ఫెవికాల్ రకం తెల్ల జిగురే ప్రధానం. సర్దుకునే సమయం ఇస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఫెవిక్విక్ రకాన్ని కొసల్లో చుక్కగా, పట్టు దొరకని చోట మాత్రమే వాడాలి. అది పైకి పొంగిన చోట మరక పడి వార్నిషు కింద మెరుస్తుంది. తడి చెక్క మీద తెల్ల జిగురు వాడితే బద్ద ఆరాక కుంచించుకుని సందు తెరుచుకుంటుంది కాబట్టి, నానబెట్టిన బద్దను ఒక రాత్రి ఆరనిచ్చాకే అతికించాలి. కోస్తా ఊళ్లలో ఇది మరింత ముఖ్యం. ఉక్కపోత రోజుల్లో బిగించిన పలకలు పొడి కాలంలో అడ్డంగా కుంచించుకుంటాయి. ఒక్క శాతం తగ్గినా 152 మి.మీ. వెడల్పులో ఒకటిన్నర మి.మీ. సందులుగా బయటపడుతుంది. చెక్కను పని గదిలోనే కొన్ని వారాలు ఉంచి, పని పూర్తయిన పక్కకు వెంటనే పలచని సీలరు (చెక్క రంధ్రాలను మూసే పూత) పూయడం దీనికి ఉపాయం.

రాగి కింద దాగుతుందనుకుంటే

నీటి గీత కింద ఈ తరం ఫ్రిగేట్లకు రాగి రేకులు తొడిగేవారు. ఎలాగూ రాగి కప్పుతుంది కదా అని కింది పలకలను నిర్లక్ష్యం చేసేవాళ్లున్నారు. రాగి టేపు దుప్పటిలా కప్పదు. అద్దంలా పట్టిస్తుంది. పావు మి.మీ. మెట్టు కూడా వెలుతురులో గీతలా మెరుస్తుంది. అందుకే కింది భాగాన్ని 240 నంబరు ఉప్పుకాగితం దాకా రుద్ది, సీలరు రెండు పూతలు వేసి, వేలి కొసతో కళ్లు మూసుకుని తడిమి చూడాలి. కన్ను వదిలేసిన మెట్టు వేలికి దొరుకుతుంది.

బ్రిటిష్ రేకు కొలత 4 అడుగులు, 14 అంగుళాలు. ఇక్కడ 19 మి.మీ., 5.6 మి.మీ. వెనుక నుంచి మొదలుపెట్టి ముందుకు రావాలి. అప్పుడే ముందు రేకు అంచు వెనుక రేకు మీద పడుతుంది, నీళ్లు సందులోకి దూరవు. మేకుల గుర్తులు ఉబ్బెత్తుగా ఉన్న తయారు రేకులు మానుకోవడం మంచిది. అసలు మేకుల తలలు రేకుతో దాదాపు సమంగా కూర్చునేవి, ఈ స్కేలులో కంటికి ఆనవు. అతికించే ముందూ తర్వాతా రాగిని అసిటోనుతో తుడిచి, చేతులకు పలచని తొడుగులు వేసుకోండి. చెమట తగిలిన వేలిముద్ర మొదట కనిపించదు, కొన్ని వారాలకు నల్లగా తేలుతుంది.